చిరునామా ఒకేచోట రాయాలి: కంప్యూటర్ కెర్నెల్‌లో మెమరీ మ్యాపుల సర్దుబాటు

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్ ఉక్కు నగరంలో ఒక ఇల్లు వెతికి పట్టుకోవడం కష్టం కాదు. సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందం ప్రకారం అక్కడ ఉక్కు కర్మాగారం వచ్చింది. 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైంది. కర్మాగారంతో పాటే టౌన్‌షిప్ కూడా ఒక పద్ధతి ప్రకారం వెలిసింది. ఉద్యోగాల కోసం తెలుగు నేల నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు కూడా తమ చిరునామాను సెక్టార్, స్ట్రీట్, క్వార్టర్ నంబర్లతోనే చెబుతాయి. స్ట్రీట్ నంబరు ఒక్కటే చెబితే చాలదు. అదే నంబరు మరో సెక్టార్‌లోనూ ఉంటుంది.

కంప్యూటర్ లోపల కూడా ఇలాంటి ఊరే ఉంది. దాని పటాన్ని మెమరీ మ్యాప్ అంటారు. లినక్స్ వంటి ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ అయిన కెర్నెల్ ఈ పటం చూసుకునే పని చేస్తుంది. పటంలో తప్పుంటే మొత్తం యంత్రమే ఆగిపోవచ్చు.

మెమరీ మ్యాప్ అంటే ఏమిటి?

ప్రాసెసర్‌కు తెలిసింది చిరునామాలు మాత్రమే. ఫలానా చిరునామాలో ఉన్నది చదువు, ఫలానా చిరునామాలో ఇది రాయి అన్నట్టుగా దాని పని సాగుతుంది. 32 బిట్ల చిరునామాలు వాడే ప్రాసెసర్‌కు 429,49,67,296 గదులు అందుబాటులో ఉంటాయి. ఒక్కో గదిలో ఒక బైట్ చొప్పున మొత్తం 4 జీబీ.

ఈ గదులన్నీ ర్యామ్‌వి కావు. కొన్ని చిరునామాల వెనుక పరికరాలుంటాయి. ఉదాహరణకు, రోలింగ్ మిల్లులో మోటారు వేగాన్ని అదుపు చేసే చిన్న కంప్యూటర్‌ను ఊహించుకోండి. ఒక చిరునామాలో అంకె రాస్తే మోటారు వేగం మారుతుంది. పక్క చిరునామా చదివితే ఉష్ణోగ్రత తెలుస్తుంది. పరికరాల్లోని ఇలాంటి గదులను రిజిస్టర్లు అంటారు. ఒకప్పుడు 32 బిట్ల విండోస్ కంప్యూటర్‌లో 4 జీబీ ర్యామ్ వేసినా మూడున్నర జీబీకి అటూఇటూగా మాత్రమే కనిపించేది. మిగిలిన చిరునామాలు పరికరాలకు పోవడమే అందుకు ముఖ్య కారణం.

చిక్కు ఎక్కడ మొదలవుతుంది?

కెర్నెల్ రాసేవారు ఈ చిరునామాలకు పేర్లు పెట్టి హెడర్ ఫైళ్లలో నిర్వచిస్తారు. కొత్త బోర్డు వచ్చినప్పుడల్లా పాత ఫైలును నకలు తీసి, నాలుగు అంకెలు మార్చి వాడుకోవడం తేలిక. కొన్నేళ్లకు ఒకే చిరునామా మూడు పేర్లతో మూడు ఫైళ్లలో కనిపిస్తుంది. ఎవరో ఒకచోట సరిదిద్ది మిగతా రెండు చోట్లా వదిలేస్తారు. అప్పటి నుంచి ఒకే ప్రోగ్రాములో రెండు పటాలు నడుస్తుంటాయి.

రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ కథ దీనికి మంచి ఉదాహరణ. 2012లో వచ్చిన మొదటి మోడల్‌లో పరికరాల చిరునామాలు 512వ ఎంబీ దగ్గర మొదలయ్యేవి. 2015 నాటి రెండో మోడల్‌లో ఆ మొదలు 1,008వ ఎంబీకి మారింది. నాలుగో మోడల్‌లో అది 4,064వ ఎంబీ. అయితే దీపాలు, స్విచ్‌లు కలిపే జీపీఐఓ భాగం ఈ మూడింటిలోనూ ఆ మొదలు నుంచి సరిగ్గా 2 ఎంబీ దూరంలోనే ఉంది. సెక్టార్ మారింది గానీ స్ట్రీట్, క్వార్టర్ నంబర్లు మారలేదన్నమాట. పూర్తి చిరునామాను నేరుగా అంకెల్లో రాసుకున్న పాత ప్రోగ్రాములు రెండో మోడల్‌పై పనిచేయలేదు. మొదలు, దూరం విడివిడిగా రాసుకున్నవారు ఒక్క అంకె మార్చుకుని బయటపడ్డారు.

సర్దడం ఎలా?

సర్దుబాటు సాధారణంగా నాలుగు పనులుగా సాగుతుంది. ఒకటి, ప్రతి చిరునామాకు ఒకే నిర్వచనం, ఒకే పేరు ఉంచడం. రెండు, పూర్తి అంకెల బదులు మొదలు, దూరం కలిపి రాయడం. మూడు, ఎవరూ వాడని పేర్లను తీసేయడం. నాలుగు, రెండు భాగాలు ఒకదానిపై ఒకటి పడకుండా, ప్రోగ్రామును కంపైల్ చేసే సమయంలోనే తనిఖీ పెట్టడం. పేర్లు మాత్రమే మారిన చోట తయారయ్యే యంత్ర సంకేతం మునుపటిలాగే ఉండాలి. అందుకే ముందూ తర్వాతా వచ్చిన ఫైళ్లను పోల్చి చూస్తారు. తేడా కనిపిస్తే ఎక్కడో పొరపాటు జరిగినట్టే.

లినక్స్‌లో పెద్ద సర్దుబాటు

మొబైల్ ఫోన్లలో వాడే ఆర్మ్ ప్రాసెసర్ల విషయంలో ఈ చిక్కు బాగా ముదిరింది. ర్యామ్ ఏ చిరునామా దగ్గర మొదలవుతుందన్నది ఒక్కో చిప్‌కు ఒక్కోలా ఉండేది. ఆ అంకెను ఒక్కో చిప్ కుటుంబానికి ఒక్కో హెడర్ ఫైలులో రాసేవారు. అందువల్ల ఒక చిప్ కోసం తయారైన కెర్నెల్ మరో చిప్‌పై లేచేది కాదు. ఈ గందరగోళంపై లినక్స్ సృష్టికర్త లీనస్ టోర్వాల్డ్స్ 2011లో బహిరంగంగానే విసుక్కున్నారు.

అదే ఏడాది వచ్చిన 2.6.39 కెర్నెల్‌లో ఒక ఉపాయం చేరింది. కెర్నెల్ తాను ఎక్కడ ఉన్నదో లేచే సమయంలోనే తెలుసుకుని, తనలోని చిరునామా లెక్కలను తానే దిద్దుకుంటుంది. పరికరాల చిరునామాలు క్రమంగా డివైస్ ట్రీ అనే విడి ఫైలులోకి వెళ్లాయి. ఫలితంగా 2012 డిసెంబరులో విడుదలైన 3.7 కెర్నెల్‌తో వేర్వేరు కంపెనీల ఆర్మ్ చిప్‌లపై ఒకే కెర్నెల్‌ను నడిపే వీలు మొదలైంది. 2018లో ఇంటెల్ తరహా 64 బిట్ ప్రాసెసర్ల మెమరీ పటం వివరణను కూడా ఇంగో మోల్నార్ మనుషులకు సులువుగా అర్థమయ్యేలా తిరగరాశారు.

పటం సరిగా ఉంటే చాలా?

చాలదు. ఆ గదిలో ఇప్పుడు ఎవరున్నారో కూడా తెలియాలి. 2008లో 2.6.27 కెర్నెల్ పరీక్ష దశలో ఉండగా, ఇంటెల్ తయారీ నెట్‌వర్క్ కార్డులు కొన్ని ఉన్నట్టుండి పాడయ్యాయి. కార్డు డ్రైవర్‌ను మొదట అనుమానించారు. అసలు కారణం వేరే చోట దొరికింది. కెర్నెల్ పనితీరును గమనించే ఎఫ్‌ట్రేస్ అనే భాగం కొన్ని చిరునామాలను గుర్తుపెట్టుకుంది. అక్కడున్న సంకేతం పని ముగిసి ఖాళీ అయింది. అవే చిరునామాలు నెట్‌వర్క్ కార్డు శాశ్వత మెమరీకి దక్కాయి. ఈ మార్పు తెలియని ఎఫ్‌ట్రేస్ పాత చిరునామాలోనే రాసింది. పాతవారు ఖాళీ చేసిన క్వార్టర్‌కు వెళ్లి కొత్తవారి గోడకు సున్నం వేసినట్టయింది.

మన దేశంలో ఐఐటీ మద్రాస్ శక్తి పేరుతోనూ, సీడాక్ వేగా పేరుతోనూ రిస్క్-ఫైవ్ ప్రాసెసర్లను రూపొందించాయి. రిస్క్-ఫైవ్‌పై నడిచే లినక్స్ కూడా సాధారణంగా డివైస్ ట్రీ నుంచే పరికరాల చిరునామాలు తెలుసుకుంటుంది. కొత్త బోర్డు తయారైనప్పుడు దాని పటాన్ని ఒకేచోట సరిగా రాస్తే సరిపోతుంది, కెర్నెల్‌ను మళ్లీ మొదటి నుంచి తవ్వుకోనక్కర్లేదు. చూడటానికి నాలుగు అంకెల సర్దుబాటే అయినా, ఒక ప్రోగ్రాము పదేళ్ల తర్వాత కూడా కొత్త యంత్రంపై నడుస్తుందా లేదా అన్నది చాలావరకు దానిపైనే ఆధారపడి ఉంటుంది.