శామ్యూల్ పామర్ పసిడి లోయ

ఇంగ్లండు దేశమున కేంబ్రిడ్జి నగరమందలి ఫిట్జ్‌విలియం మ్యూజియములో, నిలువున అడుగుకు కొంచెము మించి అడ్డమున అడుగైనను లేని కాగితముపై, శామ్యూల్ పామర్ 1830 ప్రాంతమున రచించిన నీటిరంగుల చిత్రమొకటి కలదు. మాయా ఆపిల్ చెట్టు అని దానికి పేరు.

విరగకాచిన ఆపిల్ కొమ్మలు బాటమీదికి వంగియున్నవి. వాని నీడన, పల్లమున, గొఱ్ఱెలు ఒకదానినొకటి ఒరసికొని విశ్రమించుచుండగా కాపరి పిల్లనగ్రోవి నూదుచున్నాడు. వెనుక కొండవాలంతయు పండిన పైరు. చెట్ల సందున కానవచ్చు చర్చి శిఖరము సూదివలె మొనదేలియున్నది గాని, పామర్ అప్పుడు నివసించిన షోర్‌హాం గ్రామపు చర్చికి నిజమునకున్నది మొద్దుబారిన చదరపు గోపురమే!

ఆంగ్లేయ చిత్రకారులు నీటిరంగును పలుచని పూతగా పరచి, క్రింది కాగితపు తెలుపునే వెలుగుగా వాడుకొనుట పరిపాటి. పామర్ ఇండియన్ ఇంకుతో గీతలు గీసి, రంగులో జిగురు కలిపి, చుక్కపై చుక్కగా దట్టముగా అద్దెను. కనుకనే ఆ కాయల ఎరుపును, చేని పసుపును చేతికి అంటునంత చిక్కగా తోచును.

1805లో లండనున పుస్తక విక్రేత కుమారుడుగా జన్మించిన పామర్, 1824లో జాన్ లిన్నెల్ అను చిత్రకారుని ద్వారా వృద్ధకవి విలియం బ్లేక్‌ను దర్శించెను. రోమను కవి వర్జిల్ గోపకావ్యములకు బ్లేక్ చెక్కిన చిన్ని చిన్ని బొమ్మలు ఆ యువకుని మనస్సును పట్టుకొనినవి. కొలది కాలమునకే కెంట్ మండలమందలి షోర్‌హాం గ్రామమున నివాసమేర్పరచుకొని, ప్రాచీనులమని తమకు తామే పేరిడుకొనిన మిత్రబృందముతో పదియేండ్ల వరకు అచ్చట గడపెను.

అయితే 1830లో ఆ కెంట్ మండలముననే, కూలి చాలక కడుపు మండిన వ్యవసాయ కార్మికులు నూర్పిడి యంత్రములను పగులగొట్టి, గడ్డివాములకు నిప్పు పెట్టిరి. ఆ కల్లోలము పామర్‌ను భయపెట్టెను. 1832లో ఆయన పాతపద్ధతుల పక్షమున ఓటర్లకు కరపత్రము గూడ వ్రాసెను. చిత్రములో ఆకలి జాడ లేదను ఆక్షేపణ న్యాయమైనదే. కాని ఆ కాపరికి పిల్లనగ్రోవి నూదుకొనునంతటి తీరిక కలదు. ప్రతి కూలివానికిని దక్కవలసిన ఆ తీరిక దక్కలేదని యెరిగి చూచునపుడు, ఈ సౌందర్యము నన్ను మరింత గాఢముగా కలచివేయును.

షోర్‌హాం చిత్రములను కొనువారు కరవైరి. పామర్ వానిని అట్టసంచిలో దాచి, ఏ కొద్దిమందికో చూపుచుండెను. 1881లో ఆయన గతించెను. 1909లో కుమారుడే తండ్రి చిత్రములను, నోటు పుస్తకములను రాశులుగా తగులబెట్టెను. మిగిలినవానిలో కొన్ని 1926లో లండనులోని విక్టోరియా ఆల్బర్ట్ మ్యూజియమున ప్రదర్శితములయ్యెను. గ్రేయం సదర్లండ్ మున్నగు యువచిత్రకారులు ఆ దశాబ్దముననే పామర్‌ను తమ గురువుగా ఎంచుకొనిరి.