పొగ త్రాగువారు ఎందరు? – లెక్కలో మరుగుపడిన అడ్డపొగ

పొగాకు అన్న మాటలోనే దాని ఉపయోగం ఇమిడి ఉన్నది. పొగ కొరకు వాడే ఆకు గనుక పొగాకు. ఉర్దూలో దీనిని తంబాకు అంటారు. అది పోర్చుగీసువారి నోట వచ్చిన మాట. పొగను తెలుగువారు ‘త్రాగుతారు’. ఉర్దూ మాట్లాడేవారు కూడా ‘పీనా’ అనే అంటారు. నీటికి, పాలకు వాడే క్రియనే పొగకు కూడా వాడుతున్నామంటే ఈ అలవాటు మన నిత్యజీవితంలో ఎంతగా కలిసిపోయినదో గ్రహించవచ్చు.

అయినప్పటికీ ఇది మన దేశపు ఆకు కాదు. అమెరికా ఖండంలో పుట్టి, పోర్చుగీసు వర్తకుల మూలంగా మన తీరానికి చేరినది. అక్బరు చివరి రోజులలో బిజాపూరు నుండి అసద్ బేగ్ అనే ఉద్యోగి దీనిని మొగలు దర్బారుకు తెచ్చినాడు. జహంగీరు చక్రవర్తి 1617లో పొగ త్రాగటాన్ని నిషేధించినాడు. ఆ నిషేధం నిలువలేదు. మూడు శతాబ్దాలు గడిచేసరికి పొగాకు తెలుగు సాహిత్యంలో కూడా చోటు సంపాదించుకున్నది. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శింపబడిన గురజాడవారి ‘కన్యాశుల్కం’ నాటకంలోని గిరీశం పొగాకును స్తుతిస్తూ పద్యమే చదువుతాడు. దానిని తలచుకొని నవ్వుకోని తెలుగువారు తక్కువ.

ఇంతగా పాతుకొనిపోయిన ఈ అలవాటు నేడు వయోజనులలో ఎందరికి ఉన్నది? ఈ ప్రశ్నకు అంకెలు లేకపోలేదు. కాని ఆ అంకెలను చదివే పద్ధతి తెలియకపోతే మన పక్క ఇంటిలో ఉన్న ప్రమాదమే మన కంటబడకుండా పోతుంది. పెదబయలు వంటి మన్యప్రాంతానికి ఈ మాట మరీ వర్తిస్తుంది.

అంకెలు చెప్పే సంగతి

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2000 సంవత్సరంలో ప్రపంచ వయోజనులలో దాదాపు ముగ్గురిలో ఒకరు ఏదో ఒక రూపంలో పొగాకు వాడేవారు. 2022 నాటికి అది అయిదుగురిలో ఒకరికి తగ్గినది. ఇంగ్లండు మొదలైన ప్రాంతాలు గల బ్రిటన్‌లో 1974లో పెద్దలలో దాదాపు సగం మంది సిగరెట్టు కాల్చేవారు. 2023లో ఆ సంఖ్య నూటికి 12 మందికి దిగినది. శాస్త్రజ్ఞుల హెచ్చరిక, ప్రభుత్వాల పన్నులు, చట్టాలు కలిసి పనిచేసిన ఫలితమిది.

మన దేశంలో 2016–17లో జరిగిన వయోజన పొగాకు సర్వేలో 15 ఏళ్లు దాటిన 74,037 మందిని ఇంటింటా కలిసి ప్రశ్నించినారు. వారి సమాధానాలను బట్టి దేశంలో నూటికి 28.6 మంది పొగాకు వాడుతున్నారని తేలినది. అంటే దాదాపు 26.7 కోట్ల మంది. వీరిలో నమిలేవారు, దవడన పెట్టుకునేవారు ఎక్కువ. పొగ త్రాగేవారు నూటికి 10.7 మంది, అనగా సుమారు 10 కోట్లు. పురుషులలో ఇది నూటికి 19 కాగా స్త్రీలలో నూటికి 2 మాత్రమే. సిగరెట్టు త్రాగేవారు నూటికి 4 మంది అయితే, బీడీ త్రాగేవారు 7.7 మంది. పట్టణంలో కనిపించే సిగరెట్టును బట్టి దేశాన్ని అంచనా వేయరాదని దీనివల్ల తెలుస్తున్నది.

ఇక ఆంధ్రప్రదేశ్ సంగతి. అదే సర్వేలో మన రాష్ట్రంలో మొత్తం మీద పొగాకు వాడేవారు నూటికి 20 మంది. దేశపు సగటు కంటే ఇది తక్కువ. కాని పొగ త్రాగేవారిని మాత్రమే విడదీసి చూస్తే మన రాష్ట్రంలో నూటికి 14.2 మంది ఉన్నారు. ఇది దేశపు సగటు కంటే ఎక్కువ. ఉత్తరాది రాష్ట్రాలలో ఖైనీ, జర్దా వంటివి అధికం. మనవద్ద నమలటం తక్కువ, కాల్చటం ఎక్కువ. ‘పొగాకు వాడకం’, ‘పొగ త్రాగటం’ అనేవి రెండు వేరు లెక్కలని విద్యార్థులు గుర్తుంచుకోవలసి ఉన్నది.

సగటు దాచిపెట్టే సత్యం

సగటు అనేది ఉపయోగకరమైన సాధనం. అయితే అది ఎత్తుపల్లాలను చదును చేసి చూపుతుంది. ఒక ఊరిలో నూటికి నలభైమంది, తక్కిన తొమ్మిది ఊళ్లలో ఒక్కరూ త్రాగకపోతే, సమాన జనాభా గల ఆ పది ఊళ్ల సగటు నూటికి నాలుగే అవుతుంది. ఆ నాలుగును చూసినవాడు ఇది పెద్ద సమస్య కాదని తృప్తిపడతాడు. ఆ మొదటి ఊరి సంగతి అతనికి తెలియనే తెలియదు.

దేశంలో పొగ త్రాగే స్త్రీలు నూటికి ఇద్దరే అన్న అంకె కూడా ఇటువంటిదే. ఆ అంకె తప్పు కాదు. కాని ఉత్తరాంధ్ర తీరంలోని పల్లెలకు, పాడేరు, అరకు, పెదబయలు ప్రాంతాల కొండగూడేలకు ఆ అంకెను అన్వయిస్తే వాస్తవం తలకిందులవుతుంది. ఇక్కడ పొగ త్రాగటంలో స్త్రీలు, అందులోనూ వయసు మళ్లినవారు, వెనుకబడి లేరు. వారు త్రాగే తీరు కూడా వేరు. దానినే అడ్డపొగ అంటారు.

అడ్డపొగ అంటే ఏమిటి?

ఎండిన పొగాకును చుట్టి దారంతో కట్టినది చుట్ట. సాధారణంగా దాని నిప్పు కొస బయట ఉంటుంది. అడ్డపొగలో వెలిగించిన కొసను నోటిలోపల ఉంచి, పెదవులు మూసి, బయటి కొస నుండి గాలి పీల్చుతారు. పొగను నోటినుండే వదులుతారు. బూడిదను కొందరు ఉమ్ముతారు, కొందరు మింగివేస్తారు. చూసేవారికి చుట్ట ఆరిపోయి పెదవుల మధ్య ఉన్నట్లే ఉంటుంది.

ఈ ఆచారానికి త్రాగేవారు చెప్పే కారణాలు అనేకం. సముద్రపు గాలికి, వానతుంపరకు నిప్పు ఆరదని మత్స్యకారులు అంటారు. కలుపు తీస్తున్నా, కట్టెలు మోస్తున్నా రెండు చేతులూ పనిలో ఉండగానే త్రాగవచ్చునని కూలిపని చేసే స్త్రీలు అంటారు. చుట్ట నెమ్మదిగా కాలి ఎక్కువసేపు వస్తుందని కొందరు, పంటినొప్పి తగ్గుతుందని మరికొందరు, మంచుకాలపు చలికి వెచ్చదనమని కొండప్రాంతంవారు చెబుతారు. తల్లి త్రాగుతుండగా చూసి కూతురు నేర్చుకున్న కుటుంబాలే ఎక్కువ. వీరిని మూఢులని తీసిపారవేయటం న్యాయం కాదు. వారి శ్రమ, వారి చలి, వారి పంటినొప్పి నిజమైనవే. వాటికి వేరు ఉపశమనం అందకపోవటం వల్లనే చుట్ట ఆ స్థానాన్ని ఆక్రమించినది.

1960 దశకంలో బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన దంతవైద్య పరిశోధకులు ఫలీ మెహతా ప్రభృతులు డెన్మార్కు శాస్త్రజ్ఞుడు పిండ్‌బోర్గ్‌తో కలిసి దేశంలోని అయిదు జిల్లాలలో 50,915 మంది గ్రామీణుల నోళ్లను పరీక్షించినారు. అందులో శ్రీకాకుళం జిల్లా ఒకటి. ఆ జిల్లాలో పరీక్షించిన 10,169 మందిలో నూటికి 43.8 మంది అడ్డపొగ త్రాగేవారేనని 1971లో ప్రకటించినారు. నాటి శ్రీకాకుళం జిల్లా నేటి కంటే పెద్దది. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడినప్పుడు అందులో కొంత భాగం వేరుపడినది. అర్ధశతాబ్దం నాటి ఈ అంకెను నేటి అంకెగా చెప్పరాదు. చదువు, రాకపోకలు పెరిగిన కొద్దీ యువతులలో ఈ అలవాటు తగ్గుతున్నది. కాని అది అంతరించలేదు. నేటికీ తీరపు పల్లెలలోనూ, మన్యపు గూడేలలోనూ పెద్దవయసు స్త్రీల నోట అడ్డపొగ కనిపిస్తూనే ఉన్నది.

అంగిలికి కలిగే ముప్పు

నోటి పైకప్పును అంగిలి అంటారు. మామూలుగా చుట్టగాని, బీడీగాని త్రాగేవాని నోటికి పొగ చేరేసరికి కొంత చల్లబడుతుంది. అడ్డపొగలో నిప్పే నోటిలో ఉంటుంది గనుక ఆ వేడి, పొగలోని విషపదార్థాలు రెండూ కలిసి తిన్నగా అంగిలికి తగులుతాయి. ఏళ్ల తరబడి ఇట్లా జరిగితే అంగిలి పొర దళసరియై తెల్లని మచ్చలు, వాటి మధ్య ఎర్రని చుక్కలు ఏర్పడతాయి. కొందరిలో అంగిలి రంగు వెలిసిపోతుంది. ఆపై మానని పుండు పడుతుంది. అదే క్యాన్సరుకు దారి తీయవచ్చు.

దేశంలో నోటి క్యాన్సరు అధికంగా బుగ్గ లోపలి భాగానికి, నాలుకకు వస్తుంది. గట్టి అంగిలికి రావటం అరుదు. అడ్డపొగ ఉన్నచోట మాత్రం అంగిలి క్యాన్సరు అధికంగా కనిపిస్తుంది. 1945లోనే టాటా మెమోరియల్ ఆసుపత్రికి చెందిన ఖనోల్కర్, సూర్యాబాయి తమ పరిశోధన వ్యాసంలో ఆచారాల మూలంగా పుట్టే క్యాన్సర్లలో చుట్ట వల్ల వచ్చేదానిని పేర్కొన్నారు. 1970 దశకంలో విశాఖపట్నంలోని ఆంధ్ర వైద్య కళాశాల వైద్యులు కూడా ఈ సంబంధాన్ని పరిశోధించి నిర్ధారించినారు. శాస్త్రం ఇంతకాలంగా చెబుతున్న సంగతి గూడెంలోని అవ్వకు చేరకపోవటమే విచారకరం.

పొగ వల్ల హాని నోటితో ఆగదు. గుండెజబ్బు, ఊపిరితిత్తుల వ్యాధులు అందరికీ తెలిసినవే. వీటికి తోడు క్షయ ఒకటి. 2003లో ప్రచురితమైన తమిళనాడు అధ్యయనం పురుషులలో సంభవించే క్షయ మరణాలలో దాదాపు సగం పొగ త్రాగటం వల్లనే అని తేల్చినది. పోషకాహారం కొరవడిన ప్రాంతాలలో క్షయ సులభంగా పట్టుకుంటుంది. అక్కడ పొగ అలవాటు కూడా తోడైతే ముప్పు ఇబ్బడిముబ్బడి అవుతుంది.

హెచ్చరిక ఎవరికి చేరుతున్నది?

2003లో సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తుల చట్టం వచ్చినది. బహిరంగ ప్రదేశాలలో పొగ త్రాగరాదని, విద్యాసంస్థలకు 100 గజాలలోపు పొగాకు అమ్మరాదని, 18 ఏళ్లు నిండనివారికి అమ్మరాదని అది శాసించినది. 2016 ఏప్రిల్ నుండి పెట్టె మీద 85 శాతం స్థలంలో హెచ్చరిక బొమ్మ ఉండాలన్న నియమం అమలులోకి వచ్చినది. సినిమాహాలులో సైతం ప్రకటన వేస్తున్నారు.

ఇవన్నీ మేలైన చర్యలే. కాని సంతలో కట్టగా కొన్న పొగాకును ఇంట తానే చుట్టుకునే స్త్రీకి ఆ పెట్టె లేదు, ఆ బొమ్మ లేదు. ఆమె సినిమాహాలుకు వెళ్లటం అరుదు. ఉప్పు, ఎండుచేపలతో పాటు మన్యపు సంతలో దొరికే విడి పొగాకు ఏ హెచ్చరికా లేకుండానే ఆమె చేతికి వస్తున్నది. గోడమీది చిత్రంలో సిగరెట్టు పట్టుకున్న మగవాని బొమ్మను చూసి అది తనను ఉద్దేశించినదని ఆమె ఎట్లా అనుకోగలదు? నూటికి ఇద్దరే అన్న సగటును నమ్ముకొని ప్రచారం చేసినందువల్ల కలిగిన లోపమిది.

మానటం సాధ్యమే

ముసలితనంలో చెప్పి ప్రయోజనమేమి అని నిరాశపడవలసిన అవసరం లేదు. ఎర్నాకులం, భావనగర్, శ్రీకాకుళం జిల్లాలలో 36,000 మంది పొగాకు వాడేవారిని ఏటేటా పరీక్షిస్తూ, ముఖాముఖి నచ్చచెబుతూ పరిశోధకులు ఒక ప్రయత్నం చేసినారు. దాని ఫలితాలు 1986లో వెలువడినవి. నచ్చచెప్పిన చోట మానినవారు, తగ్గించినవారు ఎక్కువైనారు. క్యాన్సరుకు ముందు వచ్చే మచ్చలు కూడా తగ్గినవి. అంటే మన శ్రీకాకుళపు పల్లెటూరి ప్రజలు ఓపికగా చెప్పిన మాటను విన్నారన్నమాట.

మానినవారికి మేలు త్వరగానే మొదలవుతుంది. ఒక ఏడాది గడిచేసరికి గుండెజబ్బు ముప్పులో పొగ వల్ల పెరిగిన భాగం సగానికి తగ్గుతుంది. 2016–17 సర్వేలో పొగ త్రాగేవారిలో నూటికి 55 మంది మానాలన్న ఆలోచన తమకు ఉన్నదని చెప్పినారు. వారికి కావలసినది తోడ్పాటు. 1800-11-2356 అనే ఉచిత ఫోను సంఖ్యకు పలికితే సలహా లభిస్తుంది.

మన కర్తవ్యం

రోజూ పొగాకు వాడేవారు సగటున 18.9 ఏళ్ల వయసులో దానిని మొదలుపెట్టినారని అదే సర్వే చెప్పినది. అది సరిగా కళాశాల వయసే. కనుక విద్యార్థుల మొదటి కర్తవ్యం తాము మొదలుపెట్టకపోవటం. రెండవది ఇంటి పెద్దలను గమనించటం. దాదీ అయినా, నానీ అయినా, అమ్మమ్మ అయినా, చుట్ట త్రాగేవారు ఉంటే పగటి వెలుతురులో నోరు తెరవమని గౌరవంగా కోరి అంగిలిని చూడండి. తెల్లమచ్చ, ఎర్రమచ్చ, లేక మూడు వారాలు గడిచినా మానని పుండు కనిపిస్తే ఆలస్యం చేయక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, అక్కడి నుండి వైద్యులు సూచించిన చోటికి తీసుకొని వెళ్లండి. మొదటి దశలో కనుగొన్న నోటి క్యాన్సరుకు చికిత్స ఉన్నది.

కళాశాల కమిటీవారికి ఒక విన్నపం. జాతీయ సేవాపథకం విద్యార్థులు గ్రామాలకు వెళ్లినప్పుడు నింపే పత్రంలో ‘పొగ త్రాగుతారా?’ అన్న ప్రశ్నతో ఆగిపోక, ‘చుట్టనా, బీడీనా, సిగరెట్టా? నిప్పు లోపలా, బయటా? ఎన్నేళ్ల నుండి?’ అని కూడా చేర్చవలసినదిగా కోరుతున్నాను. ఆ ప్రశ్నను స్త్రీలను విద్యార్థినులే, మగవారు పక్కన లేనప్పుడు, అడగటం మంచిది. అప్పుడే నిజమైన సమాధానం వస్తుంది. ఒక్క గూడెంలో శ్రద్ధగా తీసిన ఇటువంటి లెక్కను ఆరోగ్య కేంద్రానికి అందజేసినా, ఎవరి నోటిని ముందుగా పరీక్షించవలసి ఉన్నదో అక్కడి వైద్యులకు తెలుస్తుంది.