మీకు తెలుసా? సైకిలు బాటయు పర్యావరణమునకు హానియట!
అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, పెద్ద నూతన భవనము వెలయుటకు ముందు, సాధారణముగా దానివలన సమీపపు కూడళ్లలో కార్లు మరెన్ని సెకనులు నిలువవలసివచ్చునో గణించి, ‘ఎ’ మొదలు ‘ఎఫ్’ వరకు శ్రేణి నిర్ణయించి, ఆ జాప్యమునే పర్యావరణహానిగా ఎంచెడి ఆచారము దశాబ్దముల తరబడి సాగినది. ఫలితము విపరీతము: బస్సులు, రైళ్లు చేరువలోనున్న నగరమధ్యమున కట్టెడి ఇండ్లకు, అచటి కూడళ్లు మునుపే కిక్కిరిసియుండుటచే, దోషమంటెడిది; ఊరికి మిక్కిలి దవ్వున, ఖాళీరోడ్ల ప్రక్కన వెలసిన కాలనీకి, అచటివారు పాలకైనను కారెక్కక తప్పకున్నను, మంచి మార్కులే దక్కెడివి. శాన్‌ఫ్రాన్సిస్కో నగరపు సైకిలు బాటల ప్రణాళికయైతే, కార్లకు జాప్యము పెరుగవచ్చుననియు, తగిన పర్యావరణ సమీక్ష జరుగలేదనియు వేసిన వ్యాజ్యము మూలమున, 2006 నుండి 2010 వరకు న్యాయస్థానపు నిషేధమునకు లోనైనది! 2013 నాటి రాష్ట్ర సెనేట్ బిల్లు 743 ఈ కొలబద్దను మార్చినది. 2020 జూలై 1 నుండి రాష్ట్రమంతటను ప్రధానముగా లెక్కించునది జనులు కార్లలో తిరిగెడి మైళ్లు. క్రొత్త ఇండ్లలో తలసరి మైళ్లు అప్పటి సగటుకంటె నూటికి 15 వంతులు తగ్గియుండుట మేలని ప్రభుత్వ సలహా. రైలు స్టేషనుకు అరమైలులోపలి కట్టడములకు సాధారణముగా ఈ లెక్కల బాధయే లేదు.