వేప్‌లో ఫ్లేవర్ పనేంటి, నికోటిన్ సాల్ట్ పనేంటి? సిగరెట్ మానాలనుకునేవాళ్లకు అసలు లెక్క ఇదీ

2024 సంక్రాంతికి వచ్చిన ‘గుంటూరు కారం’లో మహేష్ బాబు సినిమా అంతా బీడీ కాలుస్తూ కనిపిస్తారు. అవి పొగాకు లేని ఆయుర్వేద బీడీలని తర్వాత ఆయనే ఒక ఇంటర్వ్యూలో చెప్పారు. అంటే తెర నిండా పొగ ఉంది, నికోటిన్ మాత్రం లేదు. వేప్ దీనికి సరిగ్గా రివర్స్. ఫిల్మ్ నగర్‌లో షూటింగ్ గ్యాప్‌లో ఎవరైనా దమ్ము లాగితే మామిడిపండు వాసన వస్తుంది, పొగ రెండు సెకన్లలో మాయమైపోతుంది. కానీ ఆ చిన్న డివైస్‌లో కొన్ని సిగరెట్ పెట్టెలకు సరిపడా నికోటిన్ ఉండొచ్చు.

ముందే ఒక మాట. ఇది రివ్యూ కాదు, ఏ మోడల్ బాగుంటుందో ఇందులో చెప్పం. ఇండియాలో 2019 నుంచి ఈ-సిగరెట్లు నిషేధం. అయినా గుట్టుగా దొరుకుతూనే ఉన్నాయి, “సిగరెట్ మానడానికే” అంటూ చాలామంది వాడుతూనే ఉన్నారు. కాబట్టి లోపల ఏం జరుగుతుందో తెలియడం అవసరం.

నికోటిన్‌లో రెండు రకాలు

మొదటిది ఫ్రీబేస్. నికోటిన్‌కి క్షార గుణం ఉంటుంది. అలాగే నేరుగా పీలిస్తే గొంతులో గట్టి ఘాటు తగులుతుంది. డోస్ పెంచితే దగ్గు వస్తుంది. అందుకే పెద్ద బ్యాటరీ, ఎక్కువ వాటేజ్ ఉండే మోడ్‌లలో సాధారణంగా ఎంఎల్‌కి 3 నుంచి 6 ఎంజీ లిక్విడ్ వాడతారు.

రెండోది నికోటిన్ సాల్ట్. ఇక్కడ నికోటిన్‌కి బెంజోయిక్ యాసిడ్ లాంటి ఆమ్లం కలుపుతారు. దాంతో ఘాటు బాగా తగ్గిపోతుంది. ఎంఎల్‌కి 20, 50 ఎంజీ ఉన్నా గొంతు పట్టదు, హాయిగా ఊపిరితిత్తుల దాకా పీల్చేయొచ్చు. 2015లో అమెరికాలో వచ్చిన జూల్ ఈ ఫార్ములాతోనే పాపులర్ అయింది. దాని 0.7 ఎంఎల్ పాడ్‌లో సుమారు 40 ఎంజీ నికోటిన్ ఉండేది. ఒక పాడ్ దాదాపు ఒక సిగరెట్ పెట్టెతో సమానమని కంపెనీయే చెప్పుకుంది.

ఇప్పుడు మన లెక్క చూద్దాం. డిస్పోజబుల్ వేప్ మీద “5%” అని ఉంటే ఎంఎల్‌కి సుమారు 50 ఎంజీ అన్నమాట. లిక్విడ్ 10 ఎంఎల్ ఉంటే మొత్తం 500 ఎంజీ. జూల్ లెక్కలో డజను పాడ్‌లు! ఇదంతా ఒంట్లోకి వెళ్లదు, నిజమే. కానీ బాక్స్ మీద “5000 పఫ్స్” అని చూసి మురిసిపోవడం అంటే ఎంఏహెచ్ ఒక్కటే చూసి ఫోన్ కొన్నట్టే. అసలు స్పెక్ నికోటిన్ డోస్. యూరోపియన్ యూనియన్‌లో ఎంఎల్‌కి 20 ఎంజీ దాటకూడదని లిమిట్ పెట్టింది కూడా అందుకే.

ఇంకో తేడా ఉంది. సిగరెట్‌కి ఒక చివర ఉంటుంది, అయిపోగానే ఆపుతారు. వేప్‌కి ఆ చివర లేదు. డైలాగ్ డైలాగ్‌కి మధ్య రెండు దమ్ములు లాగుతూ పోతే రోజుకి ఎంత పీల్చారో మీకే తెలియదు.

మరి ఫ్లేవర్ సంగతి?

ఫ్లేవర్ చేసే పని వాసన ఒక్కటే కాదు. తీపి నికోటిన్ చేదుని కప్పేస్తుంది. మెంథాల్ గొంతుని చల్లబరిచి మంట తెలియకుండా చేస్తుంది. అంటే సాల్ట్ ఘాటు తీసేస్తే, ఫ్లేవర్ మిగిలిన బ్రేకులు కూడా తీసేస్తుంది.

పెద్దవాళ్లలో సిగరెట్ అలవాటున్న వాళ్లకి ఇందులో ఒక లాభం ఉండొచ్చు. పండ్ల రుచికి అలవాటు పడితే పొగాకు రుచి నచ్చకుండా పోతుందని చాలామంది వేపర్లు అంటారు. కానీ ఫ్లేవర్ వల్లే ఎక్కువమంది సిగరెట్ మానేస్తారా అన్నదానిపై పరిశోధనల్లో ఇంకా స్పష్టత లేదు. పైగా అదే మామిడిపండు రుచి ఎప్పుడూ సిగరెట్ ముట్టని కాలేజీ కుర్రాళ్లని కూడా లాగుతుంది.

“ఫుడ్ గ్రేడ్” అన్న మాటనీ నమ్మేయకండి. తినడానికి సేఫ్ అంటే పీల్చడానికి సేఫ్ అని కాదు. వెన్న రుచి ఇచ్చే డయాసెటిల్‌నే తీసుకోండి. అమెరికాలో పాప్‌కార్న్ ఫ్యాక్టరీ కార్మికులు దాన్ని పీల్చి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నారు. 2015లో హార్వర్డ్ పరిశోధకులు 51 వేప్ ఫ్లేవర్లు పరీక్షిస్తే 39లో అది కనిపించింది.

అయితే సిగరెట్ మానడానికి పనికొస్తుందా?

కొంతవరకు అవును. బ్రిటన్‌లో 886 మందిపై చేసిన ట్రయల్ 2019లో ప్రచురితమైంది. ఏడాది తర్వాత వేప్ వాడినవాళ్లలో 18 శాతం, నికోటిన్ గమ్, ప్యాచ్ లాంటివి వాడినవాళ్లలో 9.9 శాతం మంది సిగరెట్ మానేశారు. ఇక్కడ మూడు విషయాలు గమనించండి. వాళ్లకి ఇచ్చిన తొలి బాటిల్ ఎంఎల్‌కి 18 ఎంజీ మాత్రమే. వారం వారం కౌన్సెలింగ్ ఉంది. అలా మానేసిన వేప్ గ్రూప్‌లో 80 శాతం మంది ఏడాది తర్వాత కూడా వేప్ వదల్లేదు. సిగరెట్ పోయింది, నికోటిన్ పోలేదు.

కాలడం ఉండదు కాబట్టి తారు, కార్బన్ మోనాక్సైడ్ బాధ వేప్‌లో చాలావరకు తప్పుతుంది. కానీ సిగరెట్ పూర్తిగా మానేస్తేనే ఆ లాభం. సెట్‌లో వేప్, టీ కొట్టు దగ్గర సిగరెట్ అంటే రెండు అలవాట్లు అయినట్టే.

ఇక్కడ దొరికేది ఆ ప్రొడక్ట్ కాదు. జూబ్లీహిల్స్‌లో చేతులు మారే డిస్పోజబుల్‌కి టెస్టింగ్ లేదు, బిల్లు లేదు, లేబుల్ మీద అంకె నిజమని గ్యారెంటీ లేదు. పాడైతే అడగడానికి సర్వీస్ సెంటర్ అంతకన్నా లేదు.

చట్టం ఏం చెబుతోంది?

తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన, ఆన్‌లైన్ సేల్స్ అన్నీ నేరమే. మొదటిసారి ఏడాది వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా. నిల్వ చేస్తే ఆరు నెలల వరకు జైలు లేదా 50 వేల వరకు జరిమానా, లేదా రెండూ. “నాది జీరో నికోటిన్” అన్నా కుదరదు, నికోటిన్ ఉన్నా లేకున్నా నిషేధమే. ఈ-హుక్కా కూడా ఇందులోకే వస్తుంది.

మరి ఏం చేయాలి?

నిజంగా మానాలనుకుంటే లీగల్ దారులు ఉన్నాయి. నికోటిన్ గమ్ మెడికల్ షాపుల్లో దొరుకుతుంది, డోస్ ఎంతో ప్యాకెట్ మీదే ఉంటుంది. వారెనిక్లిన్ అనే మందు డాక్టర్ రాసిస్తే వాడొచ్చు. నేషనల్ టొబాకో క్విట్‌లైన్ 1800-11-2356కి కాల్ చేస్తే కౌన్సెలర్ మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. వీటిలో మామిడిపండు ఫ్లేవర్ ఉండకపోవచ్చు. కానీ ఎంత నికోటిన్ తీసుకుంటున్నారో, దాన్ని ఎప్పటికి ఆపాలో మీకు తెలుస్తుంది.