పాపికొండల ప్రయాణము: ముందు నేర్వవలసినవి



కార్తికమాసము వచ్చినతోడనే మన డెల్టా గ్రామములందు పాపికొండల యాత్రను గూర్చిన మాట వినవచ్చును. లాంచి మాట్లాడుటకును, వంటవారిని కుదుర్చుటకును, బంధువులకు కబురంపుటకును తీరిక చిక్కును. ఏటి ప్రమాదమును గూర్చి నేర్చుకొనుటకు మాత్రము ఒక్క గడియయైన చిక్కదు.

మంచుకొండలలో వినోదార్థము తిరుగువారికి పాశ్చాత్యదేశములందు ప్రత్యేక శిక్షణ యిచ్చు పద్ధతి కలదు. అచ్చట కొండవాలుపై పేరుకొన్న మంచు ఒక్కమారుగా విరిగి జారి మనుష్యులను కప్పివేయును. ఆ ప్రమాదమును ఐదు మెట్లుగా విభజించి శీతకాలమున ప్రతిదినము ప్రకటింతురు. వింత యేమనగా, ఎక్కువమంది మడియుట ఐదవ మెట్టునాడు కాదు, మూడవ మెట్టునాడు. ఐదవ మెట్టు ప్రకటించిననాడు ఎవరును కదలరు. మూడవదానినాడు “నిన్నటికంటె నయమే కదా” యని బయలుదేరుదురు.

మన గోదావరి విషయమును ఇట్టిదే. ధవళేశ్వరమువద్ద ప్రవాహము 10 లక్షల క్యూసెక్కులకు చేరినగాని మొదటి హెచ్చరిక యెగురవేయరు. ఆ లెక్క ఏటిగట్లను, లంకలను దృష్టియం దుంచుకొని యేర్పరచినది. లాంచి యెక్కువారి కొరకు కాదు. ధవళేశ్వరమువద్ద మైళ్ల వెడల్పున పరచుకొను నీరే పాపికొండల నడుమ కొన్ని వందల గజముల సందులో దూరి రావలెను. అందుచే అచ్చట వడి హెచ్చును, మలుపులందు సుడులు లేచును.

2019 సెప్టెంబరు 15వ తేదీ, ఆదివారమునాడు, కచ్చులూరువద్ద విహారపు లాంచి మునిగినప్పుడు ప్రవాహము సుమారు 5 లక్షల క్యూసెక్కులే. అనగా మొదటి హెచ్చరికలో సగము. అంతకు కొన్ని దినముల ముందు వచ్చిన పెద్ద వరద తీయుచుండెను. డెబ్బదిమందికి పైగా ఎక్కినవారిలో 26 మంది మాత్రమే బ్రతికిరి. లైఫ్ జాకెట్టులు కొందరు తీసివేసి యుండిరని బ్రతికినవారే చెప్పిరి. వారిని ఒడ్డుకు చేర్చినది దూరమునుండి వచ్చిన సిబ్బంది కాదు; చిన్న పడవలపై పరుగున వచ్చిన ఆ కొండపల్లెవారు. మంచులో కప్పబడినవానికిని మొదటి పావుగంటలో తోడివారు త్రవ్వి తీసినచో ప్రాణము దక్కును. ఆ పిమ్మట ఆశ వేగముగా సన్నగిల్లును. అందుకే అచ్చటివారు మంచులోని మనిషిని కనుగొను యంత్రము, పొడవైన చువ్వ, పార వెంట నుంచుకొని, ముందుగా అభ్యాసము చేయుదురు.

మనకు అట్టి యంత్రము లక్కరలేదు. యాత్రకు ముందు ఒకనాడు ఊరి కాలువలో, ఈత వచ్చినవారు దగ్గర నిలువగా, పిల్లలకును స్త్రీలకును జాకెట్టు తొడిగి, పట్టీలు బిగించి తేలుట నేర్పిన చాలును. పట్టీ వదులైనచో జాకెట్టు తలమీదుగా పైకి లేచిపోవునని అచ్చటనే తెలిసిపోవును. కాలువలో ఈత వచ్చెను గదా యని కొందరు పడుచువాండ్రు జాకెట్టును పరిహసింతురు. సుడి ఈతగానిని ఎరుగదు.

లాంచిలో క్రింది గదిలో తలుపులు మూసికొని కూర్చుండుట తగదు. 2018 మే 15వ తేదీన మంటూరు సమీపమున గాలివానలో లాంచి మునిగినప్పుడు, జల్లు పడకుండుటకై తలుపులు మూసికొని లోపల నున్నవారు బయటపడలేకపోయిరి. అది వేసవి, వరద లేనే లేదు. మూసిన గదిలో జాకెట్టు మనిషిని పైకప్పునకు నొక్కునే గాని బయటకు తీయదు. వింత కనబడెనని అందరును ఒక ప్రక్కకు పోవుటయు ప్రమాదమే.

అన్నిటికంటె కష్టమైనది రేవులో నిలిచి “నేడు వలదు” అనుట. బయానా ఇచ్చి యుందుము, హైదరాబాదునుండి అల్లుడు సెలవు పెట్టుకొని వచ్చియుండును, సరంగు “ఏమియు కాదు, రండు” అనును. అప్పుడు కుర్రవాడు చెప్పిన ఎవరును వినరు. ఆ మాట పెద్దవారి నోటనే రావలెను. అందుచే ఇంటివద్దనే నిశ్చయించుకొనుడు: నీటి పోటు ఇంత యున్నచో, గాలి లేచినచో, జాకెట్టులు తలకొకటి లేనిచో, ఎక్కము. భద్రాచలమువద్ద నీటిమట్టము ముందునాడే విచారింపుడు. అచ్చటి నీరే మరునాడు మీ లాంచి క్రిందికి వచ్చును.

కచ్చులూరులో ఎందరెక్కిరో లెక్క తేలుటయే కష్టమయ్యెను. ఎక్కువారి పేర్లు, పసిబిడ్డలతో సహా, ఒక కాగితముపై వ్రాసి, రేవులో నిలిచియుండు మీ మనిషి చేతికిచ్చి కదలుడు.