పాత ట్రక్కుకి కొత్త గేర్‌బాక్స్: బోల్టులు కలిశాయి, కంప్యూటర్ కలవలేదు

ఈ ఎపిసోడ్ చాలా రోజుల నుంచి పెండింగ్. నేను టెక్సాస్‌లో ఉన్నప్పుడు ఒక పాత పికప్ ట్రక్ కొని, దానికి తప్పు గేర్‌బాక్స్ బిగించి, ఇంటర్వ్యూకి వెళ్లే రోజు హైవే ఎక్కే ర్యాంప్ మీద చెమటలు పట్టించుకున్న కథ ఇది. నవ్వుకోండి, పర్లేదు. కానీ మీలో పాత ట్రక్ కొనే ఆలోచన ఉన్నవాళ్లు మాత్రం చివరిదాకా ఉండండి, కొన్ని వందల డాలర్లు మిగులుతాయి.

ఫస్ట్, ట్రక్ అంటే మన లారీ కాదు. అమెరికాలో ట్రక్ అంటే ముందు క్యాబిన్, వెనక ఓపెన్ తొట్టి ఉండే పికప్. నేను కొన్నది 1989 షెవర్లే సీ1500. 5.7 లీటర్ వీ8 ఇంజన్, 2,800 డాలర్లు. అప్పుడు డెంటన్‌లో ఎంఎస్ అయిపోయి, ఓపీటీ మీద ఉండి, ఉద్యోగం కోసం తిరుగుతున్నా. రూమ్మేట్లందరూ కరోలా కొనుక్కోరా మామా అన్నారు. వినలేదు. ఎందుకు వినలేదు అని అడక్కండి, ఆ ట్రక్ ఎర్రగా ఉంది.

ఇప్పుడు అసలు విషయం. ఓవర్‌డ్రైవ్ అంటే ఏంటి? మామూలుగా టాప్ గేర్‌లో ఇంజన్ ఒక చుట్టు తిరిగితే గేర్‌బాక్స్ వెనక షాఫ్ట్ కూడా ఒక చుట్టు తిరుగుతుంది. ఓవర్‌డ్రైవ్‌లో ఇంజన్ 7 చుట్లు తిరిగితే షాఫ్ట్ 10 చుట్లు తిరుగుతుంది. అంతే. నా ట్రక్ లెక్క చెప్తా: వెనక యాక్సిల్ రేషియో 3.42, టైరు ఎత్తు 28.5 అంగుళాలు. గంటకి 65 మైళ్ల మీద మూడో గేర్‌లో ఇంజన్ దాదాపు 2,620 ఆర్‌పీఎం తిరుగుతుంది. నాలుగో గేర్, అంటే ఓవర్‌డ్రైవ్ పడితే 1,835. అదే స్పీడు, ఇంజన్‌కి మాత్రం 30 శాతం తక్కువ చుట్లు. పెట్రోల్ మిగులుతుంది, చెవులు మిగులుతాయి.

1970ల చమురు సంక్షోభం తర్వాత మైలేజ్ పెంచాలని అమెరికన్ కంపెనీలన్నీ ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో ఈ ఓవర్‌డ్రైవ్ పెట్టడం మొదలెట్టాయి. ఫోర్డ్ 1980లో ఏఓడీ తెచ్చింది. జనరల్ మోటార్స్ 1982లో 700ఆర్4 తెచ్చింది. నా ట్రక్‌లో ఉన్నది ఈ 700ఆర్4.

దీని గురించి విజయవాడ ఆటోనగర్‌లో లారీ వర్క్‌షాప్ ఉన్న మా మావయ్యకి ఫోన్లో చెప్తుంటే ఆయన ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "ఒరేయ్, క్లచ్చి లేదంటున్నావ్, గేరు నీ చేతిలో లేదంటున్నావ్. మరి ఎవరి చేతిలో ఉంది?" అప్పుడు నవ్వేశా. తర్వాత తెలిసింది, మొత్తం సబ్జెక్ట్ ఆ ప్రశ్నలోనే ఉంది అని.

700ఆర్4లో గేరు కంప్యూటర్ చేతిలో లేదు. రెండు మెకానికల్ వస్తువుల చేతిలో ఉంది. ఒకటి గవర్నర్: వెనక షాఫ్ట్‌తో పాటు తిరుగుతూ, స్పీడు పెరిగేకొద్దీ ఆయిల్ ప్రెజర్ పెంచుతుంది. రెండోది టీవీ కేబుల్. టీవీ అంటే మన టీవీ కాదు, థ్రాటిల్ వాల్వ్. యాక్సిలరేటర్ ఎంత తొక్కారో ఆ కేబుల్ లాగి గేర్‌బాక్స్‌కి చెప్తుంది. ఈ రెండు ప్రెజర్లూ లోపల తోసుకుంటాయి. ఎవరిది గెలిస్తే ఆ గేరు.

ఇక్కడ జాగ్రత్త. ఆ కేబుల్ గేర్ ఎప్పుడు మారాలో మాత్రమే కాదు, లోపలి క్లచ్ ప్లేట్లని ఎంత గట్టిగా నొక్కాలో కూడా చెప్తుంది. కేబుల్ లూజుగా ఉంటే గేర్‌బాక్స్ ఏమనుకుంటుంది? డ్రైవర్ మెల్లగా తొక్కుతున్నాడు, ప్రెజర్ అక్కర్లేదు అనుకుంటుంది. మీరు నిజంగా గట్టిగా తొక్కితే ప్లేట్లు జారి కాలిపోతాయి.

నేను చేసింది అదే. ఒక ఆదివారం థ్రాటిల్ బాడీ క్లీన్ చేద్దామని కేబుల్ ఊడదీశా. మళ్లీ తగిలించా, అడ్జస్ట్ చెయ్యలేదు. అసలు అడ్జస్ట్ చెయ్యాలని తెలీదు. మర్నాడు గేర్లు త్వరత్వరగా, మెత్తగా పడుతున్నాయి. అబ్బ, ఎంత స్మూత్‌గా అయిందో అని రూమ్మేట్‌కి గొప్పలు కూడా చెప్పా! ఆ మెత్తదనమే క్లచ్ ప్లేట్లు కాలుతున్న ఫీలింగ్. పది రోజుల్లో మూడు నుంచి నాలుగుకి వెళ్లేటప్పుడు ఇంజన్ గర్రుమనడం, ట్రక్ కదలకపోవడం. ఆయిల్ పుల్ల తీసి చూస్తే ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ గోధుమ రంగు, మాడిన వాసన.

రీబిల్డ్‌కి 2,200 డాలర్లు అడిగారు. ట్రక్కే 2,800. ఆన్‌లైన్‌లో వెతికితే 1995 ట్రక్ నుంచి తీసిన గేర్‌బాక్స్ 350 డాలర్లకి దొరికింది. పేరు 4ఎల్60ఈ. చదివితే ఏముందంటే, 700ఆర్4 పేరునే 1990లో 4ఎల్60 అని మార్చారు. 4 అంటే నాలుగు గేర్లు, ఎల్ అంటే పొడవునా అమర్చేది, 60 అంటే బలం రేటింగ్. గేర్ రేషియోలు చూశా: 3.06, 1.63, 1.00, 0.70. అచ్చు నాదే. ఇంజన్‌కి బిగించే బోల్టుల వరస కూడా అదే. చివర్లో ఒక 'ఈ' ఉంది. ఏదో వెర్షన్ నంబర్ అనుకున్నా. సాఫ్ట్‌వేర్ వాళ్ల జబ్బు ఇది: ఫంక్షన్ పేరు, ఇన్‌పుట్లు మ్యాచ్ అయితే లోపల ఏముందో చూడం.

ఆ 'ఈ' అంటే ఎలక్ట్రానిక్.

4ఎల్60ఈ 1993లో ట్రక్కుల్లోకి వచ్చింది. అందులో గవర్నర్ లేదు, టీవీ కేబుల్ లేదు. వాటి బదులు సోలినాయిడ్లు, అంటే కరెంటు ఇస్తే తెరుచుకుని మూసుకునే చిన్న వాల్వులు. ఏ గేరు అనేది రెండు సోలినాయిడ్ల ఆన్, ఆఫ్ కాంబినేషన్. రెండూ ఆన్ అయితే ఒకటో గేర్. మొదటిది ఆఫ్, రెండోది ఆన్ అయితే రెండో గేర్. రెండూ ఆఫ్ అయితే మూడు. మొదటిది ఆన్, రెండోది ఆఫ్ అయితే నాలుగు. రెండు బిట్లు, నాలుగు గేర్లు. ఆయిల్ ప్రెజర్‌కి ఇంకో సోలినాయిడ్. ఇవన్నీ నడపడానికి ఇంజన్‌నీ గేర్‌బాక్స్‌నీ కలిపి చూసుకునే కంప్యూటర్ కావాలి.

మరి నా 1989 ట్రక్ కంప్యూటర్? దాని ప్రోగ్రామ్ మొత్తం 4 కిలోబైట్ల చిప్‌లో ఉంటుంది. మీ వాట్సాప్ స్టిక్కర్ దానికంటే పెద్దది. డయాగ్నస్టిక్ డేటా సెకనుకి 160 బిట్ల స్పీడుతో బయటికొస్తుంది. ఇంజన్‌కి పెట్రోల్, స్పార్క్ టైమింగ్ చూసుకోవడానికి అది బ్రహ్మాండంగా సరిపోతుంది. గేర్లు మార్చే వైరింగ్ గానీ, లాజిక్ గానీ అందులో లేదు. నా పాత గేర్‌బాక్స్ పక్కన నాలుగు పిన్నుల చిన్న కనెక్టర్ ఉండేది. కొత్తదానికి గుండ్రటి పెద్ద కనెక్టర్, దాన్నిండా పిన్నులు. అక్కడైనా ఆగాలి కదా? లూయిస్‌విల్‌లో గ్యారేజ్ ఉన్న తెలుగు అన్న కూడా ఆ కనెక్టర్ చూపించి, "ఇది దేనికి తమ్ముడూ?" అని అడిగాడు. ఆప్షనల్ అయ్యుంటుంది అన్నా అన్నా. రెండు వీకెండ్లు కష్టపడి బిగించేశాం.

ఇప్పుడు పైన చెప్పిన కాంబినేషన్ గుర్తు తెచ్చుకోండి. కరెంటే లేకపోతే రెండు సోలినాయిడ్లూ ఆఫ్. అంటే మూడో గేర్. ప్రెజర్ సోలినాయిడ్‌కి కరెంటు లేకపోతే ప్రెజర్ ఫుల్. ప్లేట్లు జారి కాలిపోకుండా డిజైనర్లు కావాలనే అలా పెట్టారు. అంటే కనీసం ఇంటికైనా చేరాలని. ఆ డిజైనర్లకి దండం పెట్టాలి. కానీ నేను డి లో పెట్టిన ప్రతిసారీ ట్రక్ మూడో గేర్‌లోనే బయల్దేరుతుంది. ఒకటో గేర్ 3.06తో పోలిస్తే బలం మూడో వంతు.

సోమవారం ఇర్వింగ్‌లో ఇంటర్వ్యూ. ఊబర్‌కి డబ్బులు లెక్కపెట్టుకుని, పోనీలే, మెల్లగా వెళ్దాం అని బయల్దేరా. ఐ-35ఈ ర్యాంప్ మీద పెడల్ నేలకి తొక్కినా 40 దాటట్లేదు. ర్యాంప్ అయిపోతోంది, పక్కన పెద్ద ట్రైలర్ హారన్ కొడుతోంది. షోల్డర్‌లోకి దిగి ఆగిపోయా. చేతులు వణికాయి. నిజంగా చెప్తున్నా, ఆ రోజు ట్రైలర్ డ్రైవర్ బ్రేక్ తొక్కకపోయి ఉంటే ఈ వీడియో లేదు. ఇంటర్వ్యూకి ఫోన్ చేసి టైమ్ మార్పించుకున్నా.

సరే, ఇలా ఇరుక్కుంటే దారులేంటి? మూడున్నాయి. 1994, 95 ట్రక్కుల కంప్యూటర్ నా టైపు ఇంజన్‌నీ ఈ గేర్‌బాక్స్‌నీ రెండింటినీ నడుపుతుంది. దాన్ని వైరింగ్‌తో సహా తెచ్చి, చిప్‌లో మన యాక్సిల్ రేషియో, టైరు సైజు సరిచెయ్యాలి. లేదంటే గేర్‌బాక్స్ ఒక్కదానికే విడిగా కంట్రోలర్ బాక్స్ కొని, దానికి థ్రాటిల్ సెన్సర్, స్పీడ్ సెన్సర్ సిగ్నల్స్ ఇవ్వాలి. పని చేస్తుంది, ఖరీదు ఎక్కువ. అది కాకపోతే మూటాముల్లె సర్దేసి, మళ్లీ 700ఆర్4కే వెళ్లాలి. నాలోని ఇంజనీర్ మొదటిది అన్నాడు. నాలోని నిరుద్యోగి మూడోది అన్నాడు. నిరుద్యోగే కరెక్ట్. ఇంజన్ ఒరిజినల్‌గా ఉన్న పాత ట్రక్‌కి, దాని కంప్యూటర్‌తో పుట్టిన గేర్‌బాక్సే పెట్టండి. ఇంజన్ కూడా మార్చే ప్లాన్ ఉంటేనే ఎలక్ట్రానిక్ జోలికి వెళ్లండి. 4ఎల్60ఈని 1995 ట్రక్ ఉన్న ఒకాయనకి 300కి అమ్మేశా. నా పాతదాన్నే రీబిల్డ్ చేయించా. రూమ్మేట్లిద్దరు అప్పిచ్చారు.

ఫోర్డ్ వాళ్లూ ఇదే చూసుకోవాలి. ఏఓడీ హైడ్రాలిక్, 1989లో వచ్చిన ఈ4ఓడీ కంప్యూటర్‌ది. కొనేముందు పేరు నమ్మకండి, పక్కన కేబుల్ తగిలించే చోటు ఉందా, ఎన్ని పిన్నుల కనెక్టర్ ఉంది చూడండి.

ఇంకో చిన్న విషయం. 700ఆర్4లో కంప్యూటర్‌కి అస్సలు పని లేదనుకోకండి, ఒకటుంది. ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది. రెండు టేబుల్ ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి, ఒకటి వేస్తే రెండోది దాని గాలికి తిరుగుతుంది చూడండి, అలా ఆయిల్‌తో తిప్పుతుంది. కొంచెం జారుతుంది, ఆ జారుడంతా వేడి. హైవే మీద ఆ రెండింటినీ గట్టిగా లాక్ చేసేది ఇంజన్ కంప్యూటరే. అందుకే చిప్ కూడా మ్యాచ్ అవ్వాలి. మాన్యువల్ గేర్ ట్రక్ చిప్ పెడితే, అదే వైరు మీద డ్యాష్‌బోర్డ్‌లో షిఫ్ట్ లైట్ వెలిగించే లాజిక్ ఉంటుంది. లాక్ పడాల్సిన టైమ్‌లో పడదు, ఆయిల్ వేడెక్కుతుంది.

లాక్ పనిచేస్తోందా లేదా ఇంట్లో స్కానర్ లేకుండా చూడొచ్చు. ఖాళీ రోడ్డు మీద 55 దగ్గర స్థిరంగా వెళ్తూ, ఎడమ కాలితో బ్రేక్ పెడల్‌ని ఊరికే తాకండి. స్పీడు తగ్గేంత కాదు, బ్రేక్ లైట్ వెలిగేంత. లాక్ విడిపోయి ఆర్‌పీఎం కొంచెం పైకి లేస్తుంది, వదిలితే కాసేపటికి కిందికి దిగుతుంది. రీబిల్డ్ అయ్యాక ముందు ఇంజన్ ఆపి కేబుల్ సెట్ చేశా: బటన్ నొక్కి స్లైడర్‌ని పూర్తిగా వెనక్కి తోసి, బటన్ వదిలి, థ్రాటిల్‌ని చేత్తో చివరిదాకా తెరిస్తే టకటకమని దానంతటదే సెట్ అయింది. తర్వాత అదే ఐ-35ఈ ర్యాంప్ ఎక్కి ఈ బ్రేక్ టెస్ట్ చేశా. ముల్లు లేచింది, మళ్లీ దిగింది. మావయ్యకి వాయిస్ మెసేజ్ పెట్టా. "కేబులు గట్టిగా లాగావా?" అని మాత్రం అడిగాడు.