ప్రమాణానికి పనికిరాని భాష

కొత్త లోక్‌సభ కొలువుదీరిన ప్రతిసారీ మన సభ్యులు కొందరు తెలుగులో ప్రమాణం చేయడం పత్రికా గ్యాలరీలో కూర్చుని వింటున్నాను. అదొక విశేషమని ఎవరికీ తోచదు. పార్లమెంటులన్నిటికీ తల్లి అని పేరుపడిన బ్రిటిష్ కామన్స్ సభలో మాత్రం 1966లో ఒక కొత్త సభ్యుడు వెల్ష్ భాషలో ప్రమాణం చేయబోతే అనుమతి లభించలేదు. ఆ సభ్యుని పేరు గ్విన్‌ఫర్ ఎవాన్స్.

1912లో వేల్స్‌లోని బారీ రేవు పట్టణంలో జన్మించిన ఎవాన్స్ ఇంట మాటలాడినది ఇంగ్లీషే. తన జాతి భాషను ఆయన పట్టుబట్టి నేర్చుకున్నారు. ఆక్స్‌ఫర్డ్‌లో న్యాయశాస్త్రం చదివిన ఈ మనిషి కార్మార్థెన్ సీమలో టొమాటోలు పండించారు. గాంధీజీ మార్గాన్ని గౌరవించిన శాంతివాది. 1945 నుంచి 1981 దాకా ప్లైడ్ కమ్రీ, అనగా వేల్స్ పక్షం, అధ్యక్షుడు ఆయనే. అందులో తొలి ఇరవై ఏళ్లు ఆ పక్షానికి కామన్స్‌లో ఒక్క స్థానమూ లేదు.

ఆ ఇరవై ఏళ్లలోనే కాపెల్ కెలిన్ ఉదంతం జరిగింది. ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరానికి నీరు కావలసి, ట్రువెరిన్ లోయలోని ఆ వెల్ష్ గ్రామాన్ని ముంచి జలాశయం కట్ట తలపెట్టారు. 1956లో ఎవాన్స్ గ్రామస్థులను వెంటబెట్టుకుని లివర్‌పూల్ వీధుల్లో నడిచారు. నగరసభలో మాట్లాడబోతే బయటికి పంపించారు. మరుసటి ఏడు బిల్లు పార్లమెంటుకు వచ్చింది. వేల్స్ సభ్యులు 36 మందిలో 35 మంది వ్యతిరేకించారు. బిల్లు నెగ్గింది. బడి, తపాలా కార్యాలయం, ప్రార్థనా మందిరం, పొలాలు అన్నీ నీటి పాలయ్యాయి. 1965లో జలాశయం ప్రారంభమైంది. ఒక జాతి ప్రతినిధులు దాదాపు అందరూ ఒక్క మాటపై నిలిచినా, పరుల సంఖ్యాబలం ముందు ఆ మాటకు విలువ లేకపోతే దానిని ప్రాతినిధ్యమని పిలవవచ్చునా?

ఆ మరుసటి ఏడు జూలై 14న, లాయడ్ జార్జి కుమార్తె మేగన్ మరణంతో ఖాళీ అయిన కార్మార్థెన్ స్థానంలో ఎవాన్స్ లేబరు పార్టీని ఓడించారు. ఆయన పక్షం నుంచి కామన్స్‌లో అడుగుపెట్టిన మొదటివాడు ఆయనే. తర్వాతి కథ ఎగుడుదిగుళ్లే. 1970లో ఓడారు, 1974 ఫిబ్రవరిలో కేవలం మూడు ఓట్ల తేడాతో ఓడారు, అదే అక్టోబరులో నెగ్గారు, 1979లో మరల ఓడారు. అదే 1979 మార్చిలో వేల్స్‌కు పరిమిత స్వపరిపాలన ప్రతిపాదనను వేల్స్ ఓటర్లే ఐదింట ఒక వంతు మద్దతుతో తోసిపుచ్చారు. గాయం సొంతవారి చేతిలోనే తగిలింది.

దానిపై మరొక దెబ్బ. వెల్ష్ భాషకు టెలివిజన్ చానల్ ఇస్తామని ఎన్నికల ముందు చెప్పిన కన్సర్వేటివులు అధికారానికి రాగానే మాట తప్పారు. 1980 మే నెలలో ఎవాన్స్ ఒక ప్రకటన చేశారు: మాట నిలబెట్టుకోకపోతే అక్టోబరు 6 నుంచి ఆమరణ నిరాహారదీక్ష. అప్పటికి ఆయన వయస్సు 67. వేల్స్ కదిలింది. వేలమంది టెలివిజన్ లైసెన్సు రుసుము కట్టమన్నారు. పెద్దలు ముగ్గురు హోం మంత్రి వైట్‌లాను కలిసి నచ్చజెప్పారు. సెప్టెంబరు 17న ప్రభుత్వం దిగివచ్చింది. వెనక్కు తిరిగే రకం కాదు తానని శ్రీమతి థాచర్ పార్టీ మహాసభలో చాటుకున్నది సరిగ్గా ఆ తర్వాతి నెలలోనే!

తెలుగువారికి ఇక్కడ 1952 జ్ఞప్తికి రాక మానదు. పొట్టి శ్రీరాములు 58 రోజుల దీక్ష చేసి డిసెంబరు 15న కన్నుమూసిన తరువాతగాని ఢిల్లీ కదలలేదు. లండన్ మూడు వారాల ముందుగానే కదిలింది. ఒక ప్రాణం దక్కింది. అయితే 1949 నవంబరులో రాజ్యాంగ సభలో అంబేద్కర్ చేసిన హెచ్చరికను కూడా దాటవేయలేము. రాజ్యాంగ మార్గాలు తెరిచి ఉన్నప్పుడు ఇటువంటి పద్ధతులకు సమర్థన లేదని ఆయన అన్నారు. సభనే నమ్ముకుని బ్రతికిన విలేఖరిగా నేను ఆ మాటకే తల ఊపుతాను. కాని ట్రువెరిన్ ఓటింగును తలచుకున్నప్పుడు తల అంత తేలికగా ఊగదు. ఎవాన్స్‌కు తలుపు తెరిచే ఉన్నది. లోపల వినేవారే కరువయ్యారు.

వెల్ష్ చానల్ 1982 నవంబరు 1న ప్రసారాలు ఆరంభించింది. 1997లో వేల్స్ ఓటర్లు అతి స్వల్ప ఆధిక్యంతో స్వపరిపాలనకు అంగీకరించారు. 1999లో కార్డిఫ్‌లో శాసనసభ ఏర్పడింది. ఎవాన్స్ 2005 ఏప్రిల్‌లో మరణించారు. కాపెల్ కెలిన్ విషయమై లివర్‌పూల్ నగరసభ క్షమాపణ చెప్పినది అదే సంవత్సరం అక్టోబరులో.